బల్ల మీద పక్కపక్కనే రెండు కంప్యూటర్లు: తీగ లేకుండా ఫైళ్లు పంపడం ఎలా?

ఒకే బల్ల మీద రెండు ల్యాప్‌టాప్‌లు. వాటి మధ్య మూరెడు దూరం కూడా లేదు. ఒకదానిలో ఉన్న 40 గిగాబైట్ల వీడియోలు రెండోదానిలోకి వెళ్లాలి. పెన్‌డ్రైవ్ సమయానికి దొరకదు, దొరికినా అందులో ఖాళీ ఉండదు. మెయిల్ అంత పెద్ద ఫైలును మోయదు. క్లౌడ్‌లోకి ఎక్కించి మళ్లీ దింపుకుందామంటే, మూరెడు దూరం వెళ్లవలసిన ఫైలు ఎక్కడో ఉన్న సర్వర్ దాకా ప్రయాణించి తిరిగి రావాలి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికిన చందమే.

ఈ పని నేరుగా చేసుకోవచ్చు. అయితే మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. తీగ లేకుండా ఫైలు పంపడంలో రెండు వేర్వేరు పనులున్నాయి. ఒకటి, రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడటం. రెండోది, ఫైలు కదలడం. విసుగు పుట్టించే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం మొదటి పనిలోనే వస్తాయి. జాబితాలో అవతలి కంప్యూటర్ పేరు కనబడదు. మనం మాత్రం ‘నా కంప్యూటర్ పాతదైపోయింది, కొత్త వైఫై కార్డు కొనాలి’ అనుకుంటాం. నిజానికి అక్కడ దోషం హార్డ్‌వేర్‌ది కాకపోవచ్చు. కంప్యూటర్లకు దగ్గరితనం అంటే బల్ల మీది దూరం కాదు, నెట్‌వర్క్‌లోని దూరం. పక్కపక్కనే ఉన్నవి కూడా నెట్‌వర్క్ లెక్కలో పరాయివి కావచ్చు.

ఏ దారిన వెళ్లాలి?

దారులు ముఖ్యంగా రెండు. మొదటిది, రెండు కంప్యూటర్లూ ఒకే రూటర్‌కు వైఫై ద్వారా కలిసి, ఆ రూటర్ మీదుగా ఫైలు ఇచ్చిపుచ్చుకోవడం. రెండోది, రూటర్ ప్రమేయం లేకుండా ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవడం. యాపిల్ వారి ఎయిర్‌డ్రాప్ ఇలా నేరుగా మాట్లాడేదే. విండోస్‌లోని నియర్‌బై షేరింగ్, గూగుల్ వారి క్విక్ షేర్ కూడా రూటర్ లేకుండా పనిచేయగలవు.

చూడటానికి రెండో దారే ముచ్చటగా ఉంటుంది. కానీ హార్డ్‌వేర్ మీద షరతులన్నీ దానికే. బ్లూటూత్ ఏ తరానిది, వైఫై కార్డు ఏ రకానిది, ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ఏడాదిది అని అన్నీ అడుగుతుంది. మొదటి దారి అడిగేది ఒక్కటే: రెండు యంత్రాలూ ఏదోలా ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఒకటి పదిహేనేళ్ల నాటి ల్యాప్‌టాప్ అయినా, మరొకటి నిన్న కొన్నదైనా పరవాలేదు. ఒకటి విండోస్, మరొకటి మ్యాక్ లేదా లినక్స్ అయినా చిక్కులేదు. అందుకే మొదటి దారితో మొదలుపెట్టమంటాను. అది కుదరనప్పుడే రెండో దారి సంగతి.

ముందుగా మీ దగ్గర ఏముందో చూసుకోండి

విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, ‘పెర్ఫార్మెన్స్’ భాగంలో ‘వైఫై’ మీద నొక్కండి. అక్కడ ఒకే చోట నాలుగు సంగతులు తెలుస్తాయి: మీరు కలిసిన నెట్‌వర్క్ పేరు, కనెక్షన్ రకం, ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌ను గుర్తించే అంకెలు), సిగ్నల్ బలం. కనెక్షన్ రకం దగ్గర 802.11 అన్న అంకెలు, వాటి వెనుక ఒకటి రెండు ఆంగ్ల అక్షరాలు ఉంటాయి. ‘ఎన్’ అయితే 2009 నాటి ప్రమాణం, ‘ఏసీ’ అయితే ఆ తరువాతి తరం, అదే వైఫై 5. ‘ఏఎక్స్’ అంటే వైఫై 6. ఒట్టి ‘జీ’ అని ఉంటే అది 2003 నాటిది, దాని కాగితం మీది వేగమే సెకనుకు 54 మెగాబిట్లు.

మ్యాక్‌లో కీబోర్డు మీది ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని, పైన ఉన్న వైఫై గుర్తు మీద నొక్కండి. మామూలుగా కనబడని వివరాలన్నీ అప్పుడు బయటికి వస్తాయి. లినక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో, కలిసిన వైఫై పక్కనున్న పళ్లచక్రం గుర్తు నొక్కితే ఐపీ చిరునామా కనబడుతుంది.

రెండు కంప్యూటర్ల ఐపీ చిరునామాలూ ఒక కాగితం మీద రాసుకోండి. ఇళ్లలోని రూటర్లలో సాధారణంగా మొదటి మూడు అంకెల గుంపులు ఒకేలా ఉండి, చివరిది మాత్రమే మారుతుంది. ఒకటి 192.168.1.5, మరొకటి 192.168.1.9 అయితే రెండూ ఒకే గూటి పక్షులు. ఒకటి 192.168.1.5, రెండోది 192.168.50.3 అయితే అవి వేర్వేరు నెట్‌వర్కులలో ఉన్నట్టే లెక్క. ఎంతసేపు చూసినా జాబితాలో పేరు రాదు. 169.254 తో మొదలైతే అసలు రూటర్ నుంచి చిరునామానే అందలేదని అర్థం. వైఫై తెంచి మళ్లీ కలపండి.

ఈ కాగితం పనిని చిన్నచూపు చూడకండి. నేనొకసారి ఒక సాయంత్రమంతా డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) మార్చి, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే సంబంధాలను ఆపే కాపలా) తీసి పెట్టి, చివరికి వైఫై కార్డునే అనుమానించాను. తీరా చూస్తే ఒక ల్యాప్‌టాప్ ఇంటి నెట్‌వర్క్‌లో ఉంది, రెండోది అదే రూటర్‌లోని అతిథుల నెట్‌వర్క్‌లో ఉంది. రెండు పేర్ల మధ్య తేడా చివర్లో ఒక చిన్న మాట మాత్రమే. చిరునామాలు ముందే రాసుకుని ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది.

రూటర్ మీదుగా పంపడం

దీనికి చాలా సాధనాలున్నాయి. నేను సూచించేది లోకల్‌సెండ్. అది ఉచితం, దాని కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది. విండోస్, మ్యాక్, లినక్స్‌లతో పాటు ఫోన్లలోనూ పనిచేస్తుంది. ఖాతా తెరవక్కర్లేదు, ఇంటర్నెట్ ఉండనక్కర్లేదు. ఫైళ్లు దారిలో ఎన్‌క్రిప్ట్ అయి, అంటే మధ్యలో ఎవరూ చదవలేని రూపంలో, వెళతాయి.

రెండు కంప్యూటర్లలోనూ దాన్ని స్థాపించి, రెండింటిలోనూ తెరిచి ఉంచండి. ప్రతి యంత్రానికీ అది తనంతట తానే ఒక తమాషా పేరు పెడుతుంది. ఏదో ఒక విశేషణం, పక్కన ఏదో ఒక పండు. నచ్చకపోతే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. పంపే కంప్యూటర్‌లో ‘సెండ్’ భాగానికి వెళ్లి ఫైలును గానీ ఫోల్డర్‌ను గానీ ఎంచుకోండి. కింద దగ్గరలోని యంత్రాల జాబితాలో అవతలి పేరు కనబడుతుంది. దాని మీద నొక్కండి. అవతలి తెరపై అనుమతి అడుగుతుంది, అక్కడ అంగీకరించండి. పని మొదలవుతుంది. విండోస్ మొదటిసారి ఫైర్‌వాల్ అనుమతి అడిగితే కంగారుపడి ‘వద్దు’ అనకండి, మీ సొంత నెట్‌వర్క్ వరకు ఒప్పుకోండి.

రెండూ లినక్స్ మింట్ అయితే కొత్తగా ఏదీ దించుకోనక్కర్లేదు. 2020లో వచ్చిన 20వ వెర్షన్ నుంచి, ఇలా ఫైళ్లు పంపే వార్పినేటర్ అందులోనే ఉంటోంది. రెండు యంత్రాలలోనూ గ్రూప్ కోడ్ ఒకటే ఉండాలన్న ఒక్క నియమం గుర్తుంచుకుంటే చాలు.

రోజూ ఇచ్చిపుచ్చుకునే అవసరం ఉంటే మాత్రం, ప్రతిసారీ పంపడం కన్నా ఒక ఫోల్డర్‌నే పంచుకోవడం మేలు. విండోస్‌లో ఫోల్డర్ మీద కుడి మీట నొక్కి, ‘ప్రాపర్టీస్’లో ‘షేరింగ్’ భాగానికి వెళ్లి, ఎవరికి అనుమతో చెప్పండి. అవతల మ్యాక్ అయితే ఫైండర్‌లో ‘గో’ మెనూ కింద ‘కనెక్ట్ టు సర్వర్’ తెరిచి, ఎస్‌ఎంబీ (ఫోల్డర్లు పంచుకునే పద్ధతి పేరు) అన్న మూడు ఆంగ్ల అక్షరాలు, ఒక కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే విండోస్ యంత్రపు ఐపీ చిరునామా రాయండి.

పేరు, సంకేతపదం అడిగే చోట చాలామంది ఆగిపోతారు. విండోస్ తెరవడానికి మీరు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు. ఖాతా అసలు సంకేతపదమే ఇవ్వాలి. సంకేతపదమే లేని ఖాతా అయితే నెట్‌వర్క్ నుంచి లోపలికి రానివ్వదు, ముందు ఒకటి పెట్టుకోవాలి. ఇంకో మాట: పాత నెట్‌వర్క్ డ్రైవ్‌లు కొన్ని ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోనే మాట్లాడతాయి. భద్రత దృష్ట్యా విండోస్ 10 కాలం నుంచే దాన్ని స్థాపనలో పక్కన పెట్టేశారు. దాన్ని మళ్లీ తెరవమని చెప్పే సలహాలు ఎదురైతే వినకండి. ఆ పాత యంత్రంలోని ఫైళ్లను మరో మార్గంలో బయటికి తీసుకోవడమే మంచిది.

జాబితాలో పేరు రాకపోతే

ఐపీ చిరునామాలు ఒకే కుటుంబానివే, అయినా పేరు కనబడదు. అప్పుడు ఈ వరుసలో చూడండి. వరుస ముఖ్యం, ఎందుకంటే సులువుగా తేలేవి ముందు పెట్టాను.

విండోస్‌లో వైఫై సెట్టింగ్స్ తెరిచి, మీరు కలిసిన నెట్‌వర్క్ ‘పబ్లిక్’గా ఉందా, ‘ప్రైవేట్’గా ఉందా చూడండి. కొత్త వైఫైని విండోస్ మామూలుగా పబ్లిక్ అనుకుంటుంది. అంటే బస్టాండులో నిలబడ్డ మనిషిలా ఎవరితోనూ మాట కలపదు. ఇంటి నెట్‌వర్క్ అయితే ప్రైవేట్‌గా మార్చండి. నాకు ఎదురైన వాటిలో సగం ఇక్కడే తీరిపోయాయి.

మ్యాక్‌లో 2024లో వచ్చిన సెకోయా వెర్షన్ నుంచి, ప్రతి యాప్‌కూ స్థానిక నెట్‌వర్క్‌ను చూసే అనుమతి విడిగా ఇవ్వాలి. సిస్టమ్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘లోకల్ నెట్‌వర్క్’ తెరిచి, లోకల్‌సెండ్ ఎదురుగా ఉన్న మీట వేసి ఉందో లేదో చూడండి. మొదటిసారి అడిగినప్పుడు పొరపాటున కాదన్నారంటే మళ్లీ అడగదు, మనమే వెళ్లి మార్చాలి.

ఫైర్‌వాల్ అడ్డుపడుతోందేమో చూడండి. లోకల్‌సెండ్ 53317 అనే పోర్టు (నెట్‌వర్క్‌లో ఒక యాప్ రాకపోకలకు వాడే అంకెల ద్వారం) వాడుతుంది, టీసీపీ, యూడీపీ అనే రెండు రవాణా పద్ధతుల్లోనూ. వార్పినేటర్‌ది 42000, దాని పక్కనే 42001. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపేయడం బద్ధకపు పని. ఆ పోర్టుకు మాత్రం లోపలికి అనుమతి ఇవ్వండి. వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను మరో సర్వర్ మీదుగా పంపే సాధనం) నడుస్తుంటే దాన్ని కాసేపు ఆపండి; చాలా వీపీఎన్‌లు స్థానిక నెట్‌వర్క్‌ను మూసేసి ప్రతిదాన్నీ తమ సొరంగంలోకి లాక్కుంటాయి.

ఇవన్నీ సరిగ్గానే ఉంటే చూపు రూటర్ వైపు తిప్పండి. చాలా రూటర్లలో ‘ఏపీ ఐసొలేషన్’ లేదా ‘క్లయింట్ ఐసొలేషన్’ అనే అమరిక ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ప్రతి యంత్రమూ ఇంటర్నెట్‌తో మాట్లాడుతుంది గానీ పక్క యంత్రంతో మాట్లాడలేదు. అతిథుల నెట్‌వర్క్‌లో ఇది కావాలనే పెడతారు. హోటళ్లు, గ్రంథాలయాలు, కళాశాలల వైఫైలోనూ చాలా చోట్ల అంతే, అది మన చేతిలో లేనిది. మీ ఇంటి రూటర్ అయితే దాని అమరికల పేజీలోకి వెళ్లి ఆపేయవచ్చు.

చివరగా ఒక పరీక్ష. లోకల్‌సెండ్‌లో జాబితా మీద ఆధారపడకుండా అవతలి ఐపీ చిరునామాను మీరే రాసి పంపే వీలుంది. కాగితం మీద రాసుకున్నారు కదా, ఇప్పుడు పనికొస్తుంది. చిరునామా రాస్తే ఫైలు వెళ్లిందంటే, మీ కార్డు, డ్రైవర్ అన్నీ బాగానే ఉన్నాయి. కుంటుపడింది ‘కనబడటం’ ఒక్కటే. ‘నేనిక్కడున్నాను’ అని ప్రతి యంత్రమూ నెట్‌వర్క్‌లో అందరికీ వేసే కేకను కొన్ని రూటర్లు సరిగా అందించవు. ఆ రూటర్‌తో తగాదా పడే బదులు చిరునామా రాసి పంపుకోవడమే హాయి.

రూటరే లేకపోతే

ఇంటర్నెట్ లేకపోయినా రూటర్ ఉంటే చాలు. ఈ మాట చాలామందికి తట్టదు. అటక మీద పడేసిన పాత రూటర్‌కు కరెంటు ఇచ్చి, రెండు కంప్యూటర్లనూ దాని వైఫైకి కలపండి. బయటి తీగ ఏదీ తగిలించకపోయినా అది చిరునామాలు పంచుతుంది, ఫైళ్లు కదులుతాయి. ‘ఇంటర్నెట్ లేదు’ అని కంప్యూటర్ గోల పెట్టినా పట్టించుకోవద్దు.

అదీ లేకపోతే ఫోను హాట్‌స్పాట్. రెండు ల్యాప్‌టాప్‌లనూ దానికి కలపండి. వాటి మధ్య వెళ్లే ఫైలు ఫోను లోపలే తిరుగుతుంది కాబట్టి మొబైల్ డేటా ఖర్చు కాదు. అయితే కంప్యూటర్లు ఇదే అదనుగా అప్‌డేట్లు దించుకోవడం మొదలుపెడతాయి. అందుకని ఫోనులో మొబైల్ డేటా ఆపేయండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా ఆపినా హాట్‌స్పాట్ నడుస్తుంది. తనకు కలిసిన యంత్రాలను ఒకదానికొకటి కనబడనివ్వని ఫోన్లు కూడా కొన్ని ఉన్నాయి. ముందు చిన్న ఫైలు ఒకటి పంపి చూడండి.

నేరుగా మాట్లాడుకునే దారులు, వాటి షరతులు

రెండూ మ్యాక్‌లే అయితే ఎయిర్‌డ్రాప్‌ను మించినది లేదు. 2011లో లయన్ వెర్షన్‌తో వచ్చింది. బ్లూటూత్‌తో పక్కవారిని గుర్తుపట్టి, ఆ తరువాత రెండు వైఫై కార్డుల మధ్య నేరుగా ఒక బంధం వేసుకుంటుంది. ఇక్కడ హార్డ్‌వేర్ మాటకు నిజంగా విలువ ఉంది. ఆ నేరు బంధం యాపిల్ సొంత పద్ధతి. దానికి మ్యాక్ లోపలి వైఫై కార్డు సహకరించాలి. లోపలి కార్డు పాడైతే బయట యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి ఇంటర్నెట్ వాడుకోవచ్చు, ఎయిర్‌డ్రాప్ మాత్రం రాదు.

మీ మ్యాక్‌కు ఆ శక్తి ఉందా అన్నది తెలుసుకోవడం తేలిక. ఆప్షన్ మీట పట్టుకుని యాపిల్ మెనూ తెరిస్తే ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ వస్తుంది. అందులో నెట్‌వర్క్ కింద వైఫై చూడండి. ఎయిర్‌డ్రాప్ ఎదురుగా ‘సపోర్టెడ్’ అని ఉంటే చాలు. 2012, ఆ తరువాతి మ్యాక్‌లలో దాదాపు అన్నిటికీ ఇప్పటి పద్ధతి వస్తుంది. 2012 నాటి మ్యాక్ ప్రో మాత్రం మినహాయింపు. అంతకు ముందరి వాటిలో ఎయిర్‌డ్రాప్ ఉన్నా అది పాత పద్ధతిది. పాతదీ కొత్తదీ ఒకదానికొకటి కనబడకపోవడానికి కారణం అదే. అలాంటి జంటకు రూటర్ దారే శరణ్యం.

వాడేటప్పుడు ఫైండర్‌లో ఎయిర్‌డ్రాప్ తెరిచి, కింద ‘ఎవరికి కనబడాలి’ అన్న చోట కాసేపు ‘ఎవ్రీవన్’ పెట్టండి. ‘కాంటాక్ట్స్ ఓన్లీ’ పనిచేయాలంటే ఇద్దరూ ఐక్లౌడ్‌లో ఉండాలి, ఒకరి వివరాలు మరొకరి పరిచయాల్లో ఉండాలి. ఫైర్‌వాల్‌లో లోపలికి వచ్చే సంబంధాలన్నీ ఆపేసే అమరిక ఉంటే ఎయిర్‌డ్రాప్ నోరు మెదపదు, దాన్నీ చూడండి. రెండు యంత్రాల మధ్య తొమ్మిది మీటర్లకు మించకుండా ఉంచండి.

రెండూ విండోస్ అయితే నియర్‌బై షేరింగ్. విండోస్ 10లో 2018 ఏప్రిల్ నాటి 1803 వెర్షన్‌తో వచ్చింది. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోని ‘సిస్టమ్’ కింద ఆ పేరుతోనే ఉంటుంది, విండోస్ 10లో ‘షేర్డ్ ఎక్స్‌పీరియన్సెస్’ కింద వెతకాలి. రెండు వైపులా ఆన్ చేసి, ఫైలు మీద కుడి మీట నొక్కి, ‘షేర్’ అనండి.

దీని షరతు బ్లూటూత్ 4.0 లేదా ఆపైది, అందులోనూ తక్కువ శక్తితో పనిచేసే ‘లో ఎనర్జీ’ రకం. మీ కంప్యూటర్‌లో అది ఉందా అన్నది డివైస్ మేనేజర్ చెబుతుంది. బ్లూటూత్ వరుస విప్పి, ‘బ్లూటూత్ ఎల్‌ఈ ఎన్యూమరేటర్’ అనే పేరు ఉందేమో చూడండి. ఉంటే సరే. అక్కడే మీ బ్లూటూత్ అడాప్టర్ ప్రాపర్టీస్‌లో ‘అడ్వాన్స్‌డ్’ భాగంలో ఎల్‌ఎంపీ అనే అంకె ఉంటుంది. 6 అంటే బ్లూటూత్ 4.0, 8 అంటే 4.2, 9 అంటే 5.0. ఆరుకన్నా తక్కువైతే ఈ దారి మీకు లేదు.

విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ మధ్య అయితే క్విక్ షేర్. 2024 దాకా దీని పేరు నియర్‌బై షేర్, అందుకే పేర్ల దగ్గర ఇంత గందరగోళం. విండోస్‌లోని నియర్‌బై షేరింగ్‌తో దీనికి చుట్టరికం లేదు.

పాకుతోందా, పరుగెత్తుతోందా

ఫైలు వెళుతోంది కానీ నత్తనడక. ముందు అది బ్లూటూత్ మీదే వెళుతోందేమో చూడండి. పాత తరహా బ్లూటూత్‌లో ఫైలుకు అందే వేగం సెకనుకు రెండు మెగాబిట్ల చుట్టూ ఉంటుంది (ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు). మన 40 గిగాబైట్లు ఆ లెక్కన వెళ్లడానికి 44 గంటలు పడుతుంది. అదే సెకనుకు 200 మెగాబిట్లు అందే వైఫైలో అరగంటలోపే. నియర్‌బై షేరింగ్ ఏ దారి దొరికితే ఆ దారి పడుతుంది. రెండు కంప్యూటర్లనూ ఒకే వైఫైలో, ప్రైవేట్ నెట్‌వర్క్‌గా పెడితే అది బ్లూటూత్‌ను వదిలి వైఫై ఎక్కుతుంది.

వైఫై మీద వెళుతున్నా నెమ్మదిగా ఉందంటే, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో ఉన్నారేమో చూడండి. ఆ పట్టీలో ఇరుగుపొరుగు రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ తోసుకుంటాయి. రూటర్‌కు దగ్గరగా ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కు మారండి. పాత కార్డులు కొన్నింటికి 5 గిగాహెర్ట్జ్ అసలు వినబడదు. ‘ఎన్’ ప్రమాణం కార్డులన్నీ రెండు పట్టీలవి కావు. మీ ఫోనుకు కనబడే వైఫై పేరు ల్యాప్‌టాప్‌కు కనబడకపోతే కారణం ఇదే కావచ్చు.

ఇక పెద్దగా ఎవరూ చెప్పని సంగతి ఒకటి. రెండు కంప్యూటర్లూ ఒకే రూటర్‌కు ఒకే పట్టీలో వైఫై మీద ఉన్నప్పుడు, ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: ఒకసారి రూటర్ దాకా, మళ్లీ రూటర్ నుంచి అవతలికి. ఆ గాలి ఇద్దరికీ ఉమ్మడిదే, ఒకేసారి ఇద్దరు మాట్లాడలేరు. అందుకే వేగం సగానికి పడిపోతుంది. రెండింటిలో ఒక్కదాన్ని తీగతో రూటర్‌కు కలిపితే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అయితే ఇక్కడో మెలిక ఉంది. చవక రూటర్ల తీగ పోర్టులు కొన్ని 100 మెగాబిట్లకే పరిమితం. అలాంటి దానికి తీగ పెడితే మంచి వైఫై కన్నా వెనకబడతారు. పోర్టు గిగాబిట్ రకమైతేనే ఈ చిట్కా వాడండి.

వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటే అవి ఒక్కొక్కటిగా వెళ్లడానికి ఎంతో సమయం తీసుకుంటాయి, ఎందుకంటే ప్రతిదానికీ పలకరింపు, వీడ్కోలు ఉంటాయి. అన్నిటినీ ఒకే జిప్‌గా కట్టి పంపండి. ఫోటోలు, వీడియోలు ఎలాగూ కుదించుకుపోవు కాబట్టి కుదింపు లేకుండా మూట మాత్రం కట్టమంటే త్వరగా అవుతుంది. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లను కొన్ని పాత జిప్ సాధనాలు పిచ్చిగీతలుగా మారుస్తాయి. ఒక ఫైలుతో సరిచూసుకుని అప్పుడు మొత్తం కట్టండి.

అడాప్టర్ కొనాలనే నిర్ణయానికే వస్తే

డెస్క్‌టాప్‌లో వైఫై లేదు, లేదా ల్యాప్‌టాప్‌లో ఉన్నది మరీ పాతది. అప్పుడు కొనక తప్పదు. తేలికైనది యూఎస్‌బీ అడాప్టర్. పెట్టె మీద వైఫై వేగం ఎంత రాసినా, అది యూఎస్‌బీ 2 రకమైతే 480 మెగాబిట్లు దాటలేదు. వైఫై ఉన్న ప్రతిదానిలోనూ బ్లూటూత్ ఉండదు. నియర్‌బై షేరింగ్ కోసమే కొంటుంటే పెట్టె మీద రెండూ ఉన్నాయో లేదో చదవండి. తగిలించేటప్పుడు దాని పక్కనే యూఎస్‌బీ 3 డిస్క్ పెట్టకండి. ఆ తరహా తీగల నుంచి వెలువడే రొద 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పడుతుంది. ఎదురుగా ఉన్న పోర్టులోకి మార్చడం, లేదా ఒక చిన్న పొడిగింపు తీగ పెట్టడం చాలు.

లోపల బిగించే చిన్న కార్డుల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఇంటెల్ కార్డుల్లో ఏఎక్స్201, ఏఎక్స్211 లాంటివి ఉన్నాయి, వాటి సగం పని ప్రాసెసర్ వైపే జరుగుతుంది. దానికి తగిన ఇంటెల్ వేదిక లేని కంప్యూటర్‌లో బిగించినా అవి లేవవు. ఏఎక్స్200, ఏఎక్స్210 మామూలు పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద పనిచేస్తాయి కాబట్టి ఎక్కువ చోట్ల సరిపోతాయి. అంకెలో ఒక్క తేడా, ఫలితంలో ఇంత తేడా. కొనే ముందు రెండుసార్లు చదవండి.

డెస్క్‌టాప్‌లో ఈ కార్డు బిగించి, ‘వైఫై వస్తోంది, బ్లూటూత్ రావడం లేదు’ అని తల పట్టుకునేవారికి ఒక మాట. వీటిలో బ్లూటూత్ భాగం యూఎస్‌బీ మీద నడుస్తుంది. కార్డుతో పాటు వచ్చిన సన్నని తీగను మదర్‌బోర్డు మీది యూఎస్‌బీ పిన్నులకు కలపాలి. పెట్టెలో అడుగున పడి ఉన్న ఆ తీగను చాలామంది పనికిరానిదనుకుని వదిలేస్తారు. పాత ల్యాప్‌టాప్‌ల విషయానికొస్తే, తయారీదారు ఒప్పుకున్న కార్డులు తప్ప వేరేవి పెడితే మొదలవడానికే నిరాకరించేవి కొన్ని ఉన్నాయి. ముందే ఆ మోడల్ గురించి వాకబు చేయండి.

లినక్స్ వాడేవారైతే ఇంటెల్ కార్డు తీసుకుంటే నిశ్చింత; డ్రైవర్ కెర్నల్‌తో (లినక్స్ మూలభాగంతో) పాటే వస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్లలో చాలావాటికి డ్రైవర్ విడిగా తెచ్చి పెట్టుకోవాలి, కెర్నల్ మారినప్పుడల్లా ఆ తంటా మళ్లీ ఎదురుకావచ్చు.

పంపేటప్పుడు, పంపాక

ల్యాప్‌టాప్‌లను చార్జర్‌కు తగిలించి, నిద్రపోయే అమరికను కాసేపు ఆపండి. 90 శాతం దగ్గర మూత పడితే చాలాసార్లు మళ్లీ మొదటికే వస్తుంది. అందుకునే వైపు ఖాళీ స్థలం ఉందో లేదో చూడండి. బయటి డిస్క్‌లోకి నేరుగా దింపుతుంటే అది ఫ్యాట్32 రకమైతే నాలుగు గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలునూ పట్టుకోదు, ఎంత ఖాళీ ఉన్నా సరే. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఆ బాధ లేదు, మ్యాక్, విండోస్ రెండూ దానిలో రాయగలవు. మ్యాక్ లేదా లినక్స్‌లో ఫైలు పేరులో ప్రశ్నార్థకం లాంటివి ఉంటే విండోస్ ఒప్పుకోదు. పంపే ముందే పేరు మార్చండి.

అంతా వచ్చాక ఎయిర్‌డ్రాప్‌ను ‘ఎవ్రీవన్’ నుంచి వెనక్కి తేవడం, పంచుకున్న ఫోల్డర్ ఇక అక్కర్లేకపోతే దాని అనుమతి తీసేయడం, ఆపిన వీపీఎన్‌ను మళ్లీ నడపడం మరచిపోకండి. పాత కంప్యూటర్‌లోని వీడియోలను తుడిచేసే ముందు రెండు వైపులా ఫోల్డర్ పరిమాణం, ఫైళ్ల సంఖ్య సరిపోల్చండి. ఆపై కొత్తదానిలో నాలుగైదు వీడియోలు తెరిచి, ప్రతిదాన్నీ చివరి నిమిషం దాకా జరిపి చూడండి.